బొట్టు కింది దీపం

ఏళ్ల తరబడి నా కుడిచేతి ఉంగరపు వేలు నాకు బరువుగా ఉన్నది. చూచేవారికి అది ఒట్టి ముసలి వేలే. ఆ వేలితో నేను చేసిన పని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

గూడూరులో తెలుగు పండితుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడను. అల్లూరులో రొయ్యల చెరువులు సాగుచేసే నా పూర్వశిష్యుడు పెంచలయ్య నా పాత కారు తనకే కావాలన్నాడు. అప్పగించడానికి ముహూర్తం నేనే నిర్ణయించాను. ఆ వారంలోనే మీటరు అద్దంలో ఎయిర్‌బ్యాగ్ దీపం ఎర్రగా వెలిగి, ఇక ఆరలేదు. హారన్ ఒకసారి మోగేది, మరొకసారి మూగపోయేది. నాయుడుపేటలో మెకానిక్ స్కానరు తగిలించి చూశాడు. స్టీరింగు లోపల చుట్టగా ఉండే పలుచని తీగ తెగిందనీ, బండి గుద్దుకున్నా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదనీ తేల్చాడు. కొత్తది చెన్నై నుంచి రావాలి, అంతవరకు ఆగమన్నాడు.

ఆగితే ముహూర్తం దాటిపోతుంది. ఆ వెనుక శూన్యమాసం. నేను పెట్టిన ముహూర్తాన్ని నేనే తప్పించడమా? పదిమందిలో నా మాటకున్న గౌరవం ఏమవుతుంది? ఇదే ఆలోచించాను. మనిషి ప్రాణం సంగతి తోచలేదు. కాదు, ఇదీ అబద్ధమే. తోచింది, తోచినా, తరువాత చూద్దాములే అని పక్కకు నెట్టాను.

పూజనాడు గంధం కావాలనే చిక్కగా కలిపాను. మీటరు అద్దం మీద, సరిగ్గా ఆ దీపం ఉన్నచోట దట్టంగా అద్ది, పైన కుంకుమ బొట్టు పెట్టాను. పెంచలయ్య తాళం తిప్పి, వంగి చూశాడు.

“అయ్యోరా, బొట్టు కింద ఏందో ఎర్రంగా మినుకుతా ఉండాదే?”

“కుంకుమ ఎర్రగా కాక మరే రంగులో ఉంటుందిరా?”

“బళ్లోనూ ఇంతే! నేనొకటి అడిగితే మీరొకటి చెప్పేవోళ్లు!” అని పకపక నవ్వి, బొట్టుకు దణ్ణం పెట్టుకున్నాడు.

కొన్నాళ్లకు తీగ వచ్చిందని మెకానిక్ ఫోన్ చేశాడు. బండి ఇప్పుడు నాది కాదని చెప్పి పెట్టేశాను. పెంచలయ్యతో తీగ సంగతి ఎత్తితే బొట్టు సంగతి బయటపడుతుంది గదా. అటు తరువాత ఫోనులో అతని పేరు కనిపించినప్పుడల్లా మోగి ఆగేదాకా ఎత్తేవాణ్ణి కాను.

కోతలకాలంలో అల్లూరు దారిలో అతని కారు వడ్ల ట్రాక్టరును ఢీకొన్నది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదు. ముఖం స్టీరింగుకు కొట్టుకొని ఎడమకన్ను పోయింది. ఆసుపత్రిలో నా చేతిని తడుముకొని పట్టుకొని, మిగిలిన కంటికి అద్దుకున్నాడు.

“మీ చేతి బొట్టే నన్ను బతికించినాది, అయ్యోరా. ఒక్కనాడన్నా దాన్ని తుడవనిచ్చినానా!”

దుప్పటి సర్ది, వేళకు మందులు వేసుకోమని చెప్పి వచ్చేశాను.

అది జరిగి ఏళ్లయింది. నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. కొత్త కారు కొన్నాడట, కూతురు నడుపుతుందట. నేనే వచ్చి బొట్టు పెట్టాలట. పంచాంగం చూసి చెబుతానని పెట్టేశాను. ఏ ముఖంతో వెళ్లను? వెళ్లకుంటే ఏమని చెప్పను?

క్షమించమని మిమ్మల్ని అడగను. పోయినది మీ కన్ను కాదు. నాలో నేనైనా అనుకోలేకపోయిన ఒక్క మాటను మాత్రం ఇక్కడ వ్రాస్తున్నాను: ఆనాడు నేను పెట్టినది బొట్టు కాదు, మూత.

వ్రాశాను. వేలి బరువు కొంత దిగింది.