వఫ్రాలో ఐదు గొర్రెలు, ఒక రాహుకాలం

శుక్రవారం ఉదయం ఆరున్నరకు, ఈ అరబ్బు దేశంలో నేనుండే ఫింటాస్‌లో కారు తీశాను. గొర్రెలు తోలడానికి బయల్దేరాను. షర్క్‌లో ఆఫీసు ఉద్యోగం చేసుకునేవాడికి గొర్రెలతో పనేమిటంటే, కారణం సత్తిబాబు.

సత్తిబాబు కోనసీమ మనిషి, అహ్మదిలో టెక్నీషియన్, నాకు పాత స్నేహితుడు. అతని కారు అద్దానికి దిష్టి కోసం నిమ్మకాయ, మిరపకాయల దండ వేలాడుతూ ఉంటుంది. దిష్టే ఉంటే దండ లేని కార్లన్నీ ఈపాటికి గుద్దుకోవాలి కదా అని ఎన్నోసార్లు వాదించాను. అతను వినేవాడు, నవ్వేవాడు, కొత్త నిమ్మకాయ కట్టేవాడు. వాదనకు లొంగనివాడు పందేనికి లొంగాడు.

ఎడారిలో తోటలుండే వఫ్రాలో ఒక తోట యజమాని చలికాలంలో కొత్తవాళ్లకు గొర్రెల కుక్కతో పోటీ పెడతాడు. కుక్కను వాళ్లే ఇస్తారు. పది నిమిషాల్లో దానిచేత ఐదు గొర్రెలను దొడ్లోకి తోలించాలి. నేను ఎక్కువ తోలిస్తే సత్తిబాబు దండ పీకెయ్యాలి. అతను తోలిస్తే ఆ దండ నెల రోజులు నా కారులో వేలాడాలి. మూఢనమ్మకాల మీద ఆఫీసులో నా ఉపన్యాసం విననివాడు లేడు. ఓడితే కారు ఎక్కడ దాచుకోవాలి?

మా పక్కింటి నర్సు రూతమ్మ తాజా కూరగాయల కోసం మాతో వచ్చింది. వఫ్రా వెళ్లదలచినవాళ్లు కారున్న స్నేహితుణ్ణి చూసుకోండి. టోపీ, నీళ్లు మరవకండి.

ఏడింటికి అహ్మదిలో సత్తిబాబు పులిహోర డబ్బాతో ఎక్కాడు. రెండో చేతిలో దండ.

"అదెందుకు?" అన్నాను.

"మీ కారుకి కట్టడానికి మళ్లీ తిరగక్కర్లేకుండా తెచ్చేసానండి మాస్టారూ."

ఎనిమిదింటికి తోట చేరాం. కుక్క పేరు లూనా. ఎడమ చెయ్యి చాపితే ఎడమకు, కుడి చెయ్యి చాపితే కుడికి పోతుంది. అరచెయ్యి పైకెత్తితే ఉన్నచోటే పడుకుంటుంది, చెయ్యి దించేదాకా లేవదు. చీటీల్లో నాకు పది ఇరవై, సత్తిబాబుకు పది నలభై వచ్చాయి. అతని మొహం మాడిపోయింది.

"పదిన్నరకి రాహుకాలం పెడతాదండి. మీకెలాగూ పట్టింపు లేదు గదా, మార్చుకుందారి."

సంతోషంగా మార్చుకున్నాను. రాహుకాలంలోనే గెలిస్తే ఇక చెప్పాల్సిందేముంది?

సత్తిబాబు గొర్రెలను కూడా మర్యాదగానే పిలిచాడు. "ఇలా దయచేయండి, ఆయ్, ఇలాగండి" అంటూ లూనాను అటూ ఇటూ పంపి మూడింటిని దొడ్లో వేశాడు.

తర్వాత నేను. నాలుగు నిమిషాలు లూనా అద్భుతంగా పనిచేసింది. ఐదు గొర్రెలూ దొడ్డి వాకిట్లోకి వచ్చేశాయి. అప్పుడు కంచె అవతల నుంచి సత్తిబాబు గొంతు వినిపించింది.

"బాగానే తోలుతున్నారు గానండి, రాహువు ఊరుకోడు."

వెనక్కి తిరిగాను. "ఏ ఊరి రాహువు? మనకన్నా రెండున్నర గంటలు ముందుండే అమలాపురంలో రాహుకాలం అయిపోయి గంట దాటింది. ఇక్కడి రాహువు వేరే అయితే అతనికి ఈ దేశంలో ఉండటానికి ఇఖామా ఎవరిచ్చారు? పూచీ పడ్డ కఫీల్ ఎవరు?"

వేదిక మీద మాట్లాడేటప్పుడు అరచెయ్యి పైకెత్తడం నాకు కాలేజీ నాటి అలవాటు. రాహువు గ్రహమే కాదని, కంటికి కనపడనిది గొర్రెను ఎలా ఆపుతుందని అడుగుతూ, చెయ్యి దించకుండా సావకాశంగా నిరూపించాను. జనం చప్పట్లు కొట్టారు. వెనక్కి చూస్తే లూనా బుద్ధిగా పడుకుని నా అరచెయ్యినే చూస్తోంది. గొర్రెలు ఐదూ కంచె సందుల్లోంచి తలలు దూర్చి రూతమ్మ బుట్టలోని కొత్తిమీర తింటున్నాయి.

"ఖలాస్," అన్నాడు న్యాయనిర్ణేత, గడియారం చూసి.

మధ్యాహ్నం పులిహోర తిన్నాం. గెలిచిన ఆనందంలో సత్తిబాబు తోటవాళ్లిచ్చిన మజ్జిగ గ్లాసు మీద గ్లాసు తాగాడు. రెండింటికి దండను స్వయంగా నా కారు అద్దానికి కట్టాడు.

అహ్మది ఇంకా అరగంట ఉందనగా అతని మొహం పాలిపోయింది. "తిప్పేస్తందండి" అన్నాడు. రూతమ్మ దండలోంచి నిమ్మకాయ తెంపి, గోటితో గిల్లి అతని ముక్కు దగ్గర పెట్టింది. కాసేపటికి తేరుకున్నాడు.

"చూసారా మాస్టారూ, పనిచేసింది."

నిమ్మకాయ పనిచేసిన మాట నిజం. కానీ ఎందుకు పనిచేసిందన్నదే కదా అసలు ప్రశ్న. వాసనకూ దిష్టికీ తేడా చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. ఈ యాత్రలో నేను నేర్చుకున్నది, గొర్రెలు వాదనకు కదలవని. మనుషుల సంగతి ఇంకా తేలలేదు.

"అన్నయ్యా, ఆ చెయ్యి దించి స్టీరింగ్ పట్టుకోండి," అంది రూతమ్మ.