పార్సిల్ మాస్టారి మడత

మధ్యాహ్నం ఒంటిగంట కొట్టగానే ఆమె కౌంటరు అద్దానికి అట్టముక్క అడ్డం పెట్టి, చెప్పుల్లో కాళ్లు సరిగా దూర్చకుండానే బయల్దేరేది. బస్సు స్టేషన్లో టికెట్లిచ్చే ఉద్యోగం. భోజన విరామం నలభై అయిదు నిమిషాలు. ఇల్లు పది నిమిషాల నడక, ఆమె దాన్ని ఆరు నిమిషాలు చేసింది. వరసలో మిగిలిపోయినవాళ్లు వెనక ఏదో సణిగేవాళ్లు. సణగనీ, వాళ్లింట్లో ఎవరూ ఆకలితో కూర్చుని లేరు కదా అనుకునేది.

ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో ఆమె భర్త. పార్సిల్ ఆఫీసులో ఇరవై ఆరేళ్లు పొట్లాలు కట్టిన మనిషి. వీధంతా ఆయన్ని పార్సిల్ మాస్టారనేది. ఆయన మడిచింది ఊడిపోయిందని ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. విప్పలేక చస్తున్నామని మాత్రం ఒకరిద్దరు చేశారట, దాన్ని ఆయన బిరుదులా చెప్పుకునేవాడు. ఏడాది కిందట ఒక పొద్దున పళ్లు తోముకుంటూ ఉండగా కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. మాట మిగిలింది, అదీ ముద్దముద్దగా.

పంతం మాత్రం ఎక్కడికీ పోలేదు. చెంచాతో పెట్టబోతే నోరు బిగించేసేవాడు. ఎడమచేత్తో అన్నం తింటే సగం ఒళ్లో పడేది, అది చూసుకుని పళ్లెం తోసేసేవాడు. మేడమీద ఉండే రేడియో పిన్ని, అంటే నోరు మూతపడని ఆవిడ, మంచి మనసుతోనే చెప్పింది. పొద్దున్నే ఇంత జావ కాచి పెట్టు, మధ్యాహ్నం నేను తాగిస్తాను, నీకీ ఉరుకులు పరుగులెందుకని. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ రోజే ఆమెకి ఫోన్లో చికెన్ ర్యాప్, అంటే రొట్టెలో చుట్టిన చికెన్, చేసే వీడియో కనబడింది. ఆసియా రుచులు, పదిహేను నిమిషాల్లో, అని ఉంది. రుచుల సంగతి అలా ఉంచి, ఒంటిచేత్తో పట్టుకుని తినొచ్చు. అది చాలు ఆమెకి.

పొద్దున్నే చికెన్ సన్నటి ముక్కలు కోసి, సోయా సాస్, తేనె, నిమ్మరసం, దంచిన అల్లం వెల్లుల్లి పట్టించి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లేది. మధ్యాహ్నం రాగానే ముక్కల్ని పెద్ద మంట మీద వేసి, అవి వేగేలోపు క్యాబేజీ, క్యారెట్ తరిగేది. చివర్లో నువ్వులు. పలచటి రొట్టె ఒకసారి అటూ ఇటూ వేడిచేసి, అన్నీ అందులో పెట్టి చుట్టేది. మొదటిరోజు సాసంతా ఆయన చొక్కా మీదికి కారింది. ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన మాత్రం అలమారలో ఉన్న గోధుమరంగు కాగితం తెమ్మని సైగ చేశాడు.

"ఆసియా మొత్తం పావుగంటలో చుట్టేశావు. అడుగు మడవడం మరిచావు," అన్నాడు మెల్లగా.

కాగితాన్ని తొడకింద అదిమిపెట్టి, ఎడమచేత్తో చేసి చూపించాడు. ముందు అడుగు లోపలికి, దాని మీదికి రెండు పక్కలు, మిగిలిన కొసని సందులో దోపడం. జిగురక్కర్లేదు, దారమక్కర్లేదు. ఏడాదిలో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

అప్పటినుంచి రోజూ అదే వరస. వేడి పొట్లం ఆయన చేతికిచ్చి, తనో ముక్క నిలబడే తిని పరిగెత్తేది. సాయంత్రం రాగానే, ఇవాళ అల్లం ఎక్కువైందనో, నిమ్మరసం సరిపోయిందనో చెప్పేవాడు. ఆమెకి కడుపు నిండిపోయేది. అయినా మనిషి చిక్కిపోతున్నాడు. చొక్కాలు వేలాడుతున్నాయి. తింటుంటే పొలమారుతోందా అని డాక్టరు అడిగితే, లేదని తల అడ్డంగా ఊపాడు.

ఒక సాయంత్రం ఆయన కుర్చీ పక్కనుండే చెత్తసంచి పట్టుకుని దిగుతుంటే అడుగు చిరిగి మెట్లమీద అంతా పడింది. గోధుమరంగు పొట్లం ఒకటి దొర్లుకుంటూ పోయింది. మాస్టారు మళ్లీ డ్యూటీలో చేరాడా ఏమిటని రేడియో పిన్ని పైనుంచి నవ్వింది. ఆమె తీసి చూసింది. తను కొస కుడివైపు దోపుతుంది. ఇది ఎడమవైపు, ఆయన ఎడమచేత్తో దోపినట్టు ఉంది. గోళ్లతో లాగి విప్పింది. లోపల రెండుచోట్ల కొరికిన రొట్టె, దాని పక్కన నమిలి ఉమ్మిన క్యాబేజీ, మాంసమూ. ఆమె పొట్లాన్ని చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగింది.

పైకొచ్చి ఎన్నాళ్లనుంచని అడిగింది. ఆయన రెండు వేళ్లు చూపించాడు. రెండు రోజులా అంటే కాదన్నాడు. రెండు నెలలు. గొంతు దిగడం లేదు.

"నాతో ఒక్కమాట చెప్పొచ్చు కదండీ!" అంది కోపంగా.

ఆయన మాటలు ఒక్కొక్కటే కూడగట్టుకున్నాడు.

"జావైతే... పొద్దున కాచేసి పోతావు. పిన్ని పోస్తుంది. మధ్యాహ్నం... నువ్వు రావు."

మర్నాడు సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఇక జావే, అదీ చెంచాతో, పక్కన కూర్చుని. తగ్గుతుందా అంటే, ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టరు.

ఆ మర్నాడూ ఆమె ఆరు నిమిషాల్లోనే ఇల్లు చేరింది. ఆయన తనంతట తనే నోరు తెరిచాడు. అన్నాళ్ల పంతం అంత తేలిగ్గా వదిలేశాడు. గిన్నెలో సగం తాగించేసరికే విరామం అయిపోవచ్చింది. నీకో అని ఆయన సైగ చేశాడు. ఫ్రిజ్‌లో మిగిలిన చికెన్ గబగబా వేయించి ఒకటి చుట్టింది. ఆయన దాన్ని లాక్కుని, కాగితం తొడకింద అదిమిపెట్టి, చెమటలు కక్కుకుంటూ మడిచి ఆమె సంచిలో పెట్టాడు.

మూడింటికి వరస పలచబడ్డాక ఆమె పొట్లం బయటికి తీసింది. ఎక్కడ లాగితే విడుతుందో తెలుసు. ఇలాంటివి ఇంకెన్నో రావనీ తెలుసు. ఆకలి నకనకలాడుతున్నా విప్పడానికి చెయ్యి రాలేదు. అద్దం అవతల ఎవరో టికెట్టన్నారు. ఆమె పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని, ఎక్కడికని అడిగింది.