నాకిచ్చిన దెయ్యం వేషం

దోహాలో మా తెలుగువాళ్ళం ఏడాదికోసారి హాలు అద్దెకు తీసుకుని నాటకం వేస్తాం. ఈసారి దెయ్యం కథ. రాసినాయన మా ఆయన స్నేహితుడు, ఇంజనీరు. ఐన్ ఖాలిద్‌లోని మా ఇంట్లో నాటకం వాళ్ళందరితో టీ తాగుతూ యజమాని వేషం తను ఉంచుకున్నాడు, మాంత్రికుణ్ణి మా ఆయనకిచ్చాడు, దెయ్యాన్ని నాకిచ్చాడు.

"మీకు మేకప్ కూడా అక్కర్లేదు వదినా. జుట్టు విరబోసుకుంటే చాలు."

అందరూ నవ్వారు. నా రంగు మీద నవ్వులు నాకు కొత్త కాదు. కానీ అచ్చం నా పోలికే వచ్చిన మా అమ్మాయి పక్కనే కూర్చుని ఉంది. వాళ్ళు వెళ్ళాక మెల్లగా అడిగింది.

"అమ్మా, తెల్లగా ఉన్నవాళ్ళు దెయ్యాలు అవ్వరా?"

ఏం చెప్పను? మన సినిమాల్లో హీరోయిన్‌కి దెయ్యం పట్టగానే ముఖానికి నలుపు పూస్తారు, వదలగానే కడిగేస్తారు. కడిగినా పోని రంగుతో పుట్టినవాళ్ళ సంగతి ఎవరికీ పట్టదు. ఆఫీసులో నా కెన్యా స్నేహితురాలికి చెబితే పకపకా నవ్వింది. ఇంగ్లీషు దెయ్యం సినిమాల్లో తనలాంటి నల్లవాళ్ళు కథ సగం కాకముందే చస్తారట. చివరిదాకా ఉంటాను కాబట్టి నేను అదృష్టవంతురాలినట. నాకు ఒళ్ళు మండింది.

కథ చదివాక ఇంకా మండింది. ఆ దెయ్యం బతికున్నప్పుడు పనిమనిషి. యజమానే ఆమెను పాడుచేసి చంపాడు. అయినా ఆఖర్న మాంత్రికుడు విభూతి చల్లితే కూలిపోవలసింది ఆమే. ముగింపు మార్చమన్నాను.

"జనం హాయిగా ఇంటికి వెళ్ళాలి కదా వదినా," అన్నాడాయన.

ఎవరి హాయి? తనలాంటి ముఖం నేలకూలితే హాలంతా చప్పట్లు కొట్టడం మా అమ్మాయి చూడాలా? చూడనివ్వకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

నాటకం రోజు మా ఆయన విభూతి చల్లాడు. నేను పడలేదు. మళ్ళీ చల్లాడు.

"పడవే, నీకు దండం పెడతా," అని గొణిగాడు.

"పడను," అన్నాను హాలంతా వినబడేలా. "చచ్చింది నేను. చంపినవాడు ఆ సోఫాలో కూర్చున్నాడు. వెళ్ళి వాడి మీద చల్లు."

యజమాని లేచి నిలబడ్డాడు. తను రాసిన డైలాగుల్లో దీనికి జవాబు లేదు. పరదా లాగమని పక్కకి సైగ చేశాడు. నేను అతని వైపు ఒక అడుగు వేశాను. అతను వెనక్కి తగ్గాడు.

ముందు వరసలోంచి మా అమ్మాయి గొంతు వినబడింది.

"అమ్మా, వదిలిపెట్టకు."