నల్లదాని చెవి గాట్లు

కుక్కను పెంచుకున్నానంటే ఎవరూ నవ్వరు. గాడిదను పెంచుకున్నానంటే నవ్వుతారు. నవ్వనీ, నాకేం. ఊరి బట్టలు ఉతికే ఇల్లు మాది. అర్ధవీడు పక్కన చిన్న పల్లె. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. గాడిద అనగానే ఆమె కూడా నవ్వింది. అది కూడా రాయమన్నాను.

ఆ గాడిదను నల్లది అనేవాళ్లం. వేరే పేరు పెట్టలేదు. మా ఆయన ఉన్నప్పుడు మూడు గాడిదలుండేవి. మూటలు వాగుకు మోసుకుపోయేవి, ఆరిన బట్టలు ఊళ్లోకి మోసుకొచ్చేవి. ఇళ్లలోకి బట్టలుతికే మిషన్లు వచ్చాక మూటలు చిన్నవైపోయాయి. రెండింటిని అమ్మేశాం. ఆయన పోయాక నల్లదాన్ని కూడా అమ్మేయమని అందరూ చెప్పారు. నేను అమ్మలేదు. ఇంట్లో మాట్లాడటానికి ఒక ప్రాణి ఉండాలి కదా.

తెల్లవారి వాకిలి ఊడుస్తుంటే వచ్చి చీపురు మీద కాలు పెట్టి నిలబడేది. కుడితి పోసేదాకా కాలు తీసేది కాదు. ఊళ్లో గోడ మీద సినిమా కాగితం అంటిస్తే, అంటించినవాడు సందు తిరగకముందే నమిలేసేది. ఎలక్షన్లప్పుడు ఏ పార్టీకీ అన్యాయం చేయలేదు, అందరి కాగితాలూ తిన్నది. నల్లది ఈనినప్పుడల్లా, చంటిపిల్లలకు దగ్గు పట్టిందని తల్లులు గిన్నెలు తెచ్చుకుని నా గడప ముందు కూర్చునేవారు, రెండు చుక్కలు గాడిదపాలు పోయమని. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. గాడిదకు కాపలా ఉండదు. పని అయిపోగానే ముందుకాళ్లు రెండూ కలిపి పొట్టి తాడుతో కట్టి వదిలేస్తాం. దాన్ని బంధం అంటాం. గెంతుకుంటూ దగ్గర్లోనే మేస్తుంది, దూరం పోలేదు. అన్ని ఇళ్ల గాడిదలూ కలిసి మేస్తాయి కాబట్టి, పిల్లగా ఉన్నప్పుడే చెవి కోసి గుర్తు పెడతాం. ఏ ఇంటి గుర్తు ఆ ఇంటిదే. మా మామ కాలం నుంచీ మాది ఎడమ చెవికి రెండు గాట్లు. నల్లదానికి మా ఆయనే మంగలికత్తితో కోసి, పసుపూ ఆముదమూ రాశాడు. రాసి, దాని మెడ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అది తప్పని మాకెవరూ చెప్పలేదు. చెవులు కుట్టించని ఆడపిల్ల ఉంటుందా, ఇదీ అంతే అనుకున్నాం.

పోయిన ఎండాకాలం ఒకరోజు తెల్లవారింది, నల్లది రాలేదు. చీపురు ఊరికే కదిలిపోతోంది. ఊరి బయట చిల్లచెట్ల ముళ్లపొదల దగ్గర బంధం దొరికింది. కొరికి తెంపింది కాదు, ఎవరో కత్తితో కోసింది. ఆ తాడు ముక్క పట్టుకుని ఏడ్చాను.

మా ఆయన చెల్లెలు, నా ఆడబిడ్డ, పరుగున వచ్చింది.

“వదినా, ఏడ్చేది ఆపు. కంభం కాడ పోలీసులు వ్యాన్ పట్టుకున్నారంట. నిండా గాడిదలే అంట. యాడికో కోతకు తోలుకపోతాండ్రంట.”

“గాడిదను కోసేదేందే?”

“తినేదానికి. తింటే బలం వస్తాదంట, ఆయాసం పోతాదంట. నీ నల్లదాన్ని తింటే కాగితాల మీద ఆశ పుడ్తాది గానీ బలం యాడ వస్తాది?”

ఏడుపులోనే నవ్వొచ్చింది. అట్లాగే ఇద్దరం ఆటో ఎక్కాం.

పట్టుకున్న గాడిదలను కంభంలో పశువుల ఆసుపత్రి ఆవరణలో విప్పి వదిలారు. మాలాగే గాడిదలు పోయినవాళ్లు ఊరూరి నుంచీ వచ్చి ఉన్నారు. ఒక కానిస్టేబుల్, ఒక పశువుల డాక్టరమ్మ ఉన్నారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, నాకు కూతురి వయసు ఉంటుంది. ఆమె అందరికీ ఒకేసారి చెప్పింది. జంతువులను హింస పెట్టకూడదని చట్టం ఉందట. వ్యాన్‌వాళ్లు కాళ్లు వైరుతో కట్టారు, నీళ్లు పెట్టలేదు, నిలబడటానికి చోటివ్వలేదు కాబట్టి కేసు పెట్టారట. వింటూ నేను వాళ్లను తిట్టుకుంటున్నాను. అంతలో ఆమె, “ఇది వ్యాన్ వాళ్లకే కాదు. మోయలేని బరువు వేసినా, పొద్దస్తమానం పొట్టి తాడుతో కట్టేసినా, ఒళ్లు కోసినా నేరమే. ఎవరైనా సరే,” అన్నది.

నా తిట్టు సగంలో ఆపేశాను. ఆడబిడ్డ నా నడుం గిల్లింది.

“వదినా, చెవి ఊసు ఎత్తబాక. గాడిద కోసం పోయి జైల్లో కూచుంటావా ఏంది?”

కానిస్టేబుల్ నన్ను పిలిచాడు. “అవ్వా, నీదెట్లుంటాది? గుర్తు చెప్పు.”

“నల్లగుంటాది నాయనా.”

“నల్లయి నాలుగుండాయి.”

“ముక్కు కాడ తెల్లగుంటాది.”

“అన్నిటికీ ముక్కు కాడ తెలుపే అవ్వా. గాడిదలు గదా.”

“నన్ను చూస్తే వస్తాది.”

అదిగో, మూలన కనిపించింది. పచ్చగడ్డి మోపులో మూతి పెట్టి, నాకు వీపు చూపిస్తూ నిలబడి ఉంది. ఎండాకాలంలో పచ్చగడ్డి మా ఊళ్లో అది పుట్టాక చూడలేదు. “మేయ్ నల్లదానా” అని పిలిచాను. ఒక చెవి కదిలింది. తల మాత్రం తిప్పలేదు.

“నువ్వెవరో దానికి తెల్వనట్టుండాదే అవ్వా,” అన్నాడు కానిస్టేబుల్.

“తెలుసు నాయనా,” అంది ఆడబిడ్డ. “ముందర తిండి ఉంటే మా అన్నగ్గూడ ఈమె కనపడేది కాదు.”

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే ఇంకో ఊరి పెద్దాయన లేచి, “ఆ మూలది మాదే సారూ,” అన్నాడు. దొంగమాట కాదు, ఆయనదీ నల్లదే పోయింది పాపం. తాడు తీసుకుని నల్లదాని వైపు నడిచాడు. తాడు దాని మెడ దాకా వచ్చింది. నా నోరు ఎట్లాంటిదంటే, మూసుకోమంటే ముందు అదే తెరుచుకుంటుంది.

“ఆగు నాయనా! ఎడమ చెవికి రెండు గాట్లుంటాయి చూడు. మా ఆయనే మంగలికత్తితో కోసినాడు. ఆయన పోయినాడు, ఆయన మీద కేసు పెట్టలేరు. పెట్టేదుంటే నా మీద పెట్టు తల్లీ. దాన్ని మాత్రం ఇంటికి పంపు.”

ఆడబిడ్డ నెత్తి కొట్టుకుంది. డాక్టరమ్మ పోయి ఎడమ చెవి ఎత్తి, వేలితో తడిమి చూసింది. రెండు గాట్లు.

పెద్దాయన తాడు దించాడు. “ఇది మాది కాదు. మాది కుడిచెవి కొస కోసుంటాది,” అన్నాడు మెల్లగా. అంతే, అందరి నోళ్లూ ఒక్కసారి తెరుచుకున్నాయి. మాది మధ్యలో చీలికంటాడొకడు, మాది రంధ్రమంటుందొకామె. అంతసేపూ అందరూ నాలాగే బిగబట్టుకుని ఉన్నారన్నమాట. కానిస్టేబుల్ టోపీ తీసి మొహం విసురుకున్నాడు.

“ఏంది డాక్టరమ్మా, అందర్నీ లోపలేద్దామా?”

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ, “అయిపోయిన చెవులు అయిపోయాయి. ఇక మీదట ఒక్క చెవి కోసినా ఊరుకోను. గుర్తు కావాలంటే నా దగ్గరికి తెండి, చెవికి చిన్న బిళ్ల వేస్తాను,” అన్నది.

“అది గూడ చెవి కుట్టేదే గదా తల్లీ?” అన్నాను.

“కుట్టడం వేరు, కోయడం వేరమ్మా. ఇటు రా.”

నన్ను నల్లదాని కాళ్ల దగ్గరికి తీసుకుపోయి వంగమన్నది. వైరు కోసిన పుండు ఎర్రగా ఉంది. దాని కిందే వెంట్రుకలు రాలిపోయి నున్నగా గుండ్రటి మచ్చ. “పైది వ్యాన్ వాళ్లది. కింది పాత మచ్చ ఎవరిది?” అని అడిగింది. అది మా బంధం మచ్చే. రోజూ చూసిందే. గాజులు వేసుకుంటే నా చేతికి పడ్డ మచ్చలాంటిదే అనుకున్నాను. గాజులు నేను అడిగి వేయించుకున్నాను, బంధం అది అడగలేదు. ఈ తేడా అప్పటిదాకా తోచలేదు.

“బంధం వేయకుండా చూసుకోగలిగితేనే పంపుతానమ్మా. లేదంటే అడవి పక్క ఒక షెడ్డుంది, అక్కడ ఉంచుతాం. నీడుంది, మేత ఉంది.”

నల్లది ఇంకా గడ్డి నములుతూనే ఉంది. దానికి ఏది మంచిదో నాకు కనపడుతూనే ఉంది. అయినా షెడ్డుకు పంపండి అనే మాట నా నోట్లోంచి రాలేదు.

“చూసుకుంటా తల్లీ.”

“ఎట్లా?”

“దాని వెనకాల నేనే తిరుగుతా.”

పుండు మానేదాకా అక్కడే ఉంచి, కోర్టు అనుమతి వచ్చాక ఇచ్చారు. వ్యాన్ ఎక్కించడానికి మనసొప్పక నడిపించుకునే వచ్చాను. టీ కొట్టు దగ్గర కాగితం తింటుంది, సోడా బండి దగ్గర నిలబడుతుంది. ఆడబిడ్డ దారి పొడుగునా సణుగుతూనే ఉంది. “చట్టం దాని కాళ్లకు విప్పి, నీ కాళ్లకు కట్టింది గదా వదినా!”

ఆమె అన్నది నిజమే. ఇప్పుడు పొద్దున్నే బట్టలు ఉతికేసి, మిగతా పొద్దంతా దాని వెనకే. మోకాళ్లు పట్టేస్తాయి. ఎక్కడైనా గట్టు మీద కూర్చుంటే అది నా దగ్గర్లోనే మేస్తుంది, నేను కన్ను మూయగానే పక్క చేలో ఉంటుంది. మొన్న ఒక రైతు అరిచాడు.

“ఏమ్మా, దానికి బంధం వెయ్యవేంది? నా కంది అంతా మేసింది!”

“వేస్తే కేసు నాయనా.”

“మేస్తే కేసు లేదా?”

“ఉంటే దాని మీదే పెట్టు, నాకైతే కేసు కాయితం చదివేది రాదు, సంతకమొక్కటే వస్తాది. వస్తాండా, తోలుకపోతాండా,” అంటూ కొంగు దోపుకుని చేలోకి దిగాను.