కిటికీ దిక్కు చూసే క్లాసు

కట్టంగూరు దగ్గరి ఒక ఊరి బడికి బదిలీ మీద పోయిన. నాలుగో తరగతి నాకిచ్చిన్రు. ఆ పిల్లలకు ఒకటో తరగతి నుంచి చెప్పిన మేడం నిరుడు గుండెపోటుతోని పోయిందట. ఆమెను నేనెన్నడూ చూడలేదు.

పక్క ఊర్ల బడుల నుంచి ఒక అక్క, ఒక సార్, నేను ఒక జట్టు. మా జట్టుల నాకు ముందు ఆ మేడమే ఉండె. నెలకోసారి ఒకరు పాఠం చెప్తుంటే ఇద్దరు వెనక కూసుండి చూడాలె, తర్వాత చూసింది చూసినట్టు చెప్పాలె.

నా వంతునాడు భిన్నాలు చెప్పిన. మంచిగనే నడిచిందనుకున్న. పిల్లలు అన్నాలకు పోయినంక ఇద్దరూ ముంగటి బెంచీకి వచ్చిన్రు. సార్ నీళ్ల సీసా మూత తిప్పుకుంట కూసున్నడు. ఆఖరికి అక్క అడిగింది.

"చెల్లె, నువ్వు ఆ మేడం పాఠం యాడ జూసినవ్?"

చూడలేదన్న. ఎవరన్న జవాబు రాక ఆగినప్పుడల్లా నేను కిటికీ కాడికి పోయి, ఎడమ చేత్తోని చువ్వ పట్టుకొని బయటికి చూస్తున్ననట. పిల్ల నోరిప్పినంకనే తిరుగుతున్ననట. పోయినామె అచ్చం గట్లనే చేసేదట. కిటికీ కాడికి పోయినట్టే నాకు యాదికి లేదు. ఎడమ అరచెయ్యి చూసుకుంటే తుప్పు అంటి ఉన్నది.

వారం తిరగకముందే మళ్ల రమ్మని బతిమాలిన. ఈసారి నన్ను కాదు, పిల్లలను చూడమన్న. ముంగట ఓ మూలకు కూసున్నరు. సంగతి సార్ పట్టుకున్నడు. జవాబు ఆగంగనే క్లాసంతా కిటికీ దిక్కు చూస్తున్నదట, వాళ్ల చూపు వెంట నేను పోతున్ననట.

"పిల్లలే మీకు నేర్పిన్రు మేడం" అన్నడు.

నా భయం సగం తగ్గింది. తెల్లారి కావాలనే బోర్డు కాడ నిలబడ్డ. ఎన్నడూ నోరిప్పని ఒక పిల్లను లేపి, సగంల సగం ఎంత అని అడిగిన. తలలన్నీ కిటికీ దిక్కు తిరిగినయి. నేను కదల్లే. అక్కడ చువ్వలు, జరంత ఎండ తప్ప ఏం లేదు. ఎవ్వరూ గుసగుస పెట్టలే. ఆ పిల్ల గూడ అటే చూసుకుంట, "పావు, మేడం" అన్నది.

నా దిక్కు చూడనే లేదు.

ఈ ముచ్చట జట్టుల చెప్తే అక్క కొంగుతోని కండ్లు ఒత్తుకున్నది. అడిగినంక ఆగుడు నాకిప్పుడు అలవాటైంది. పిల్లలు ఎక్కువై క్లాసుల జాగా చాలకపోయినా, కిటికీ కాడ ఆ మేడం నిలబడే చోట మాత్రం బెంచీ వెయ్యనియ్యలే.