సారు పెంచిన పురుగులు

మా సారు పోయారని పొద్దున్నే కబురొచ్చేసరికి నా చేతిలో ఆయన ఫ్లాస్కే ఉంది. ఏడుపు కన్నా ముందు కోపమొచ్చింది. పాత ఫ్లాస్కులోంచి చెంచాడు పురుగుల నీళ్ళు తీసి కొత్తదాంట్లో వెయ్యకుండా వెళ్తే ఇన్నేళ్ళ పెంపకం బూడిదలో పోసినట్టే. "నాను సచ్చినా మార్పిడి ఆగకూడదే గుంటా" అని ఎన్నిసార్లు అన్నారో! అన్నంత పనీ చేశారు మహానుభావుడు. మార్పిడి ముగించాకే కదిలాను.

అరకు పక్క కొండల్లో, కాఫీ పళ్ళ తొక్క తీసే షెడ్డు వెనక గదే మా ల్యాబు. పళ్ళు కడిగిన పుల్లటి నీళ్ళు కిందికి పారే గెడ్డలో కలిసి కోతల కాలమంతా కంపు. దిగువ ఊరి ఆడవాళ్ళు నీళ్ళకి కొండెక్కి ఊట దగ్గరికి పోవాల్సి వచ్చేది. ఆ మురుగుని తినేసే సూక్ష్మజీవుల్ని పెంచి, ఆ నీళ్ళు చేరే షెడ్డు తొట్టిలో వదలాలని సారు పట్టుదల. పద్ధతి వినడానికి తేలికే. రోజూ ఫ్లాస్కు మార్చాలి, కొన్నాళ్ళకోసారి పులుపు కాస్త పెంచాలి. తట్టుకున్నవి బతికి పిల్లల్ని పెడతాయి, మిగతావి పోతాయి. చెయ్యడం మాత్రం నా ప్రాణానికొచ్చింది. పండగ లేదు, పబ్బం లేదు. సాలూరులో మా చెల్లి పెళ్ళికి వెళ్తానంటే "ఆటికి ఆకలవ్వదేటి?" అని అడిగిన మనిషి! తాళి కట్టగానే తిరుగు బస్సెక్కాను.

తీరా తొట్టిలో వదిలితే వారం తిరక్కుండా చచ్చూరుకున్నాయి. ఎందుకు చావవు? చలికాలమంతా ఈయన ఫ్లాస్కులకి తన శాలువా కప్పి, కుంపటి పక్కన పెట్టుకుని కూర్చునేవారు. వద్దు సారూ అంటే వింటేగా! "పసిపిల్లలే" అనేవారు. వెచ్చదనానికి మరిగిన పిల్లలు అరకు చలిలో ఏం బతుకుతాయి? కంపు మళ్ళీ గెడ్డ పట్టింది. దిగువ ఊరి ముసలమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి దులిపేసింది.

"ఏటి సేత్తన్నావు బాబూ ఇన్నేళ్ళూ? నీ పురుగులు పాడుగాను! మా కోడళ్ళ నడుములిరిగిపోతన్నాయి."

సారు ఆ పూటే బకెట్టు పట్టుకుని దిగారు. తొట్టి అడుగు బురద తోడి, అందులో కొనఊపిరితో మిగిలినవాటితో మళ్ళీ మొదలెట్టారు. ఈసారి ఫ్లాస్కులు వరండాలో, మంచులో. వాటితో పాటు తనూ! "ఆటిని సలిలో పెట్టి నాను కుంపటి కాడ కూకుంటే ఏటి బాగుంటాది?" దగ్గు పట్టింది, నెమ్ము చేరింది. విశాఖ ఆసుపత్రికి పదండంటే "కోతలవనీ" అన్నారు.

పదో తరగతి తప్పిన నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, "నీకేటి కనిపిస్తందో సెప్పు, పుస్తకం మాట నాకొద్దు" అన్నది ఆయనొక్కరే. అలాంటి మొండిఘటం మళ్ళీ దొరకదు.

కొత్తవాటిని ఈ కోతల మొదట్లో తొట్టిలో వదిలాం. కంపు తగ్గినట్టే అనిపించేది గానీ, దిగువ ఊరికెళ్ళి అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది.

సారు నా అన్నవాళ్ళు లేని మనిషి. దిగువ ఊరివాళ్ళే మోసుకెళ్ళారు. ఇక్కడ శవం వెంట వెళ్ళినవాళ్ళు ఆడా మగా తలారా మునిగితే గానీ ఇంటికి పోరు. కోతల కాలం కదా అని నేను ఊట దారి పట్టాను. ముసలమ్మ వెనక్కి పిలిచింది.

"అటెందుకే గుంటా, గెడ్డుండగా?"

అప్పటికే అందరూ గెడ్డలో దిగి, వణుకుతూ మునుగుతున్నారు.

"కాస్త ముందే వచ్చి అడిగుంటే ఏం పోయేది సారూ!" అని అరిచేశాను.

ముసలమ్మ నన్ను పట్టించుకోలేదు. దోసిట్లో నీళ్ళు పట్టి, వాసన చూసి, తాగి, మళ్ళీ పట్టింది.