గరిఫాలియా మోసుకొచ్చిన గురువారం

గరిఫాలియా గొంతు లేచిందంటే చేపల మార్కెట్లో పిల్లులు కూడా సర్దుకుని కూర్చుంటాయి. గ్రీసులో మా ఊరి రేవు దగ్గర చేపలమ్ముతుంది. నోటికి అడ్డూ అదుపూ లేదు. వోలోస్‌లో దాన్ని తిట్టుకోని ఆడది లేదు, నేనూ తిట్టుకున్నాను. ఇప్పుడు మాత్రం నా ముందు దాన్నెవరైనా ఒక్క మాటంటే ఊరుకోను.

వేసవిలో గురువారం సాయంత్రాలు మా నలుగురివి. నేను, గరిఫాలియా, మెర్సినా, తసూలా. మొగుళ్లకేదో వండి పడేసి, రేవు పక్క హోటల్లో కడుపునిండా తిని, మా ఇంటి వెనక ఆరుబయట సినిమాకు పోయేవాళ్లం. పెళ్లిళ్లయినా, మిగతావాళ్లకు పిల్లలు పుట్టినా మానలేదు.

ఒక ఏడాది ఈస్టర్ ముందు మా ఆయన స్తెలియోస్ పోయాడు. నల్లబట్టలు వేసుకున్నాను. మా దగ్గర ఏడాది తిరిగేదాకా విధవ సినిమాకు పోవడమంటే ఊరంతా ఉమ్మేస్తుంది. ఇంట్లో టీవీ మీద కూడా గుడ్డ కప్పేశాం. మిగిలింది నేనూ, మా అత్త పొలిక్సేనీ. ఆమె వయసులో ఉండగానే మొగుణ్ణి పోగొట్టుకుంది. అప్పుడు తొడిగిన నలుపు ఇంతవరకూ విప్పలేదు. రోజంతా కలిపి ఇద్దరం పట్టుమని పది మాటలాడుకునే వాళ్లం కాదు. మా బాల్కనీ సరిగ్గా సినిమా తెరకు ఎదురుగా ఉంటుంది. పొద్దుగూకగానే తలుపులు బిగించేదాన్ని. కింద జనం నవ్వుతుంటే చెవుల మీద దిండు పెట్టుకునేదాన్ని. నేనూ స్తెలియోస్‌తోపాటే పోయానని అనుకోవడం మొదలుపెట్టాను. ఆ ఆలోచనకు భయం కూడా వేసేది కాదు.

జూన్‌లో ఒక గురువారం తలుపు దబదబా మోగింది. తీస్తే గరిఫాలియా, చేతుల్లో అండాలాంటి గిన్నె. వెనక మెర్సినా, తసూలా, రొట్టెలూ ఆలివ్ కాయలూ పట్టుకుని. ముగ్గురూ నల్లబట్టల్లోనే ఉన్నారు.

"పరామర్శకొచ్చాం పిన్నీ!" అని లోపలున్న మా అత్తకు వినబడేలా అరిచింది గరిఫాలియా. "చేపల సూపు తెచ్చాం. చావింట్లో తినేదేగా!"

అది నిజమే. చావు జరిగిన ఇంటికి చేపల సూపుతో వచ్చినవాళ్లను ఎవరూ పొమ్మనలేరు.

"అబ్బ, లోపల ఉక్కపోస్తోంది. బాల్కనీలో తిందాం," అంటూ అదే పోయి తలుపులు బార్లా తీసింది.

"ఒసే, నీకు పుణ్యముంటుంది, వద్దే! వీధంతా చూస్తుంది," అన్నాను.

"చూడనీ. నల్లబట్టలోళ్లు నలుగురు సూపు తాగుతున్నారు. ఎదురుగా గోడ మీద బొమ్మలాడితే మనదా తప్పు?"

కింద దీపాలారాయి. ఏదో పాత హాస్య సినిమా. పెళ్లికొడుకు కంగారులో పోయి పెళ్లి కేకు మీద కూర్చున్నాడు.

"పోన్లే, మెత్తగా ఉంటుంది," అంది గరిఫాలియా, రొట్టె నములుతూ.

నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోబోతే సూపు ముక్కులోకి పోయింది. ఇక పెద్దగా, సిగ్గులేకుండా నవ్వేశాను. కింద కుర్చీల్లో వాళ్లు తలలెత్తి చూశారు.

లోపల చేతికర్ర చప్పుడైంది. కొడుకును మట్టిలో పెట్టిన తల్లి వినేలా నవ్వాను! ఇక ఈ ఇంట్లో నేను ఏ మొహం పెట్టుకుని తిరగాలి? అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

గరిఫాలియా లేచి నాకు అడ్డం నిలబడింది. "తిట్టేదుంటే నన్ను తిట్టు పిన్నీ. నవ్వించింది నేను."

అత్త దాన్ని కిందికీ మీదికీ చూసింది. గిన్నె వైపు చూసింది. వాళ్ల నల్లబట్టల వైపు చూసింది.

"మా ఆయన పోయినప్పుడు నాకు ముప్పై కూడా లేవే," అంది. "నాకూ స్నేహితురాళ్లుండేవాళ్లు. ఒక్కతంటే ఒక్కతి ఈ మెట్లెక్కలేదు."

గరిఫాలియా గబగబా తన కుర్చీ లాగి అత్తను కూర్చోబెట్టి, తను గడప మీద చతికిలబడింది. నేను అత్త చెయ్యి పట్టుకున్నాను. సినిమా అయ్యేదాకా ఆమె వదల్లేదు.